రెండో చెక్‌పాయింట్ దాటాక

గాలికి టోపీలు లేచిపోతున్నాయి.

2021 మే 22, శనివారం. పొద్దున్న తొమ్మిది కావస్తోంది. చైనాకి వాయవ్యాన గాన్సు రాష్ట్రం. బైయిన్ నగరం కింద ఉండే జింగ్‌తాయ్ కౌంటీ. ఒక పక్క పసుపు నది. ఇంకో పక్క, లక్షల ఏళ్లుగా గాలీ నీరూ కోసుకుంటూ పోగా మిగిలిన రాతి స్తంభాలు, ఒకదాని వెనక ఒకటి. వాటి ముందు గీసిన గీత దగ్గర 172 మంది నించున్నారు. నిక్కర్లు. పల్చటి చొక్కాలు. వీపులకి అతుక్కున్న చిన్న సంచులు. చలికి కొందరు నించున్న చోటే గెంతుతున్నారు.

వాళ్ల ముందున్న దూరం 100 కిలోమీటర్లు. తారురోడ్డు కాదు, కొండదారి. మారథాన్ 42 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. దాన్ని దాటిపోయే ఇలాంటి పరుగుని అల్ట్రామారథాన్ అంటారు. 20 గంటల్లోపు పూర్తిచేసిన ప్రతివాళ్ల చేతిలో 1,600 యువాన్లు పెడతారు. అంతకుముందు ఏళ్లలో ఇక్కడ పరిగెత్తినవాళ్లు చెప్పిందంతా ఎండ గురించే. నీడ దొరకదు, నీళ్లు దగ్గర పెట్టుకోండి, చర్మం కమిలిపోతుంది జాగ్రత్త. ఆ మాట నమ్మి చాలామంది దళసరి బట్టలన్నీ మూటగట్టి, సగం దూరం దాటాక వచ్చే చెక్‌పాయింట్‌కి ముందే పంపించేశారు. ఈ కొండల్లో మే నెలలో కోటెందుకు?

నిర్వాహకులు తప్పనిసరిగా వెంట ఉండాలన్న వస్తువుల్లో జీపీఎస్ పరికరం ఉంది. ఈల ఉంది. వేడిని పట్టి ఉంచే, రేకులా పల్చటి వెండిరంగు దుప్పటి ఉంది. గాలిని ఆపే జాకెట్ మాత్రం తప్పనిసరి కాదు. ఇష్టమైతే తెచ్చుకోవచ్చు.

తొమ్మిదయింది. పరుగు మొదలైంది.

అందరికన్నా ముందు వెళ్తున్నవాళ్లలో లియాంగ్ జింగ్ ఉన్నాడు. వయసు 31. చైనాలో కొండదారుల్లో పరిగెత్తేవాళ్లకి ఆ పేరు చెబితే చాలు. గుంపులో హువాంగ్ గ్వాన్‌జున్ కూడా ఉన్నాడు. ఆయనకి వినపడదు, మాట రాదు. 2019లో చైనా జాతీయ పారాలింపిక్ క్రీడల్లో, వినికిడి లేని పురుషుల మారథాన్‌లో గెలిచిన మనిషి. చాంగ్ షియావ్‌తావ్ కూడా ముందు వరసలోనే పోతున్నాడు. ఆ మధ్యాహ్నం కొండమీద ఏం జరిగిందో తర్వాత లోకానికి చెప్పగలిగింది ఆయనే.

ఆ ముందువరస ఆరుగురిలో బతికి బయటపడింది ఆయనొక్కడే.

మొదటి చెక్‌పాయింట్ దాకా ఫర్వాలేదు. గాలి ఉంది, కాళ్లున్నాయి, అంతే. అది దాటాక చినుకులు మొదలయ్యాయి. రెండో చెక్‌పాయింట్ 24వ కిలోమీటరు దగ్గర. అక్కడికి చేరేసరికి వాన పట్టుకుంది. చొక్కాలు ఒంటికి అంటుకుపోయాయి. అక్కడే, ఆ గుడారం దగ్గరే, ఒక మనిషి చెయ్యి అడ్డం పెట్టి ఆపి ఉంటే ఈ కథ లేదు. ఎవరూ ఆపలేదు.

గాలి పెరుగుతుందని ముందురోజు రాత్రే బైయిన్ వాతావరణ కేంద్రం హెచ్చరిక ఇచ్చింది. గాలివానల్ని మనకన్నా దగ్గరగా చూసినవాళ్లు ఉండరు కాబట్టి, ఇక్కడో మాట. 1996 నవంబర్ 6 రాత్రి కాకినాడకి దక్షిణాన, యానాం పరిసరాల్లో తుపాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్లలో ఎందరో వేటకెళ్లి నీళ్ల మీదున్నవాళ్లు. గౌతమి చివరన భైరవపాలెం లాంటి పల్లెల్లో మగదిక్కు లేకుండా మిగిలిన ఇళ్లు ఎన్నో. తుపాను వస్తోందన్న కబురు రేడియోలో ఉండొచ్చు, కాగితం మీద ఉండొచ్చు. నడిసముద్రంలో వల లాగుతున్న మనిషి చెవిన పడేదాకా అది కబురు కాదు. జింగ్‌తాయ్‌లోనూ హెచ్చరిక కాగితం మీదే ఉండిపోయింది. పరిగెత్తేవాళ్లు కొండెక్కడం మొదలుపెట్టారు.

రెండో చెక్‌పాయింట్ నుంచి మూడో చెక్‌పాయింట్‌కి ఎనిమిది కిలోమీటర్లు. ఆ ఎనిమిదిలోనే దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కాలి. అంతా ఎక్కుడే, దిగుడు లేదు. రాళ్లు, మధ్యలో ఇసక. కొన్నిచోట్ల చేతులు కూడా నేలకి ఆనించి పాకాలి. పైకి బండి వెళ్లే దారి లేదు. ఇంత కష్టపడి చేరాక మూడో చెక్‌పాయింట్‌లో ఏముంటుంది? తిండి లేదు. వేడినీళ్లు లేవు. తల దాచుకునే చోటు లేదు. ఇక నావల్ల కాదు, మానేస్తానన్నా అక్కణ్నుంచి కిందికి దింపే దిక్కు లేదు.

సగం ఎక్కారో లేదో, వాన వడగళ్లయింది.

వడగళ్లు నెత్తిన కాదు, మొహం మీద కొడుతున్నాయి. గాలి వాటిని అడ్డంగా విసురుతోంది. కళ్లు తెరిస్తే రెప్పల మీద దెబ్బలు, మూస్తే అడుగు ఎటు పడుతుందో తెలీదు. దారి గుర్తులు మసకబారిపోయాయి. చాంగ్‌కి దారిలో ఒక తోటి రన్నర్ కనిపించాడు. మనిషి నిలువునా వణికిపోతున్నాడు. చాంగ్ అతని భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని, తడిరాళ్ల మీద జారుతూ, గాలి తోసినప్పుడు వంగుతూ, వదిలినప్పుడు నాలుగడుగులు వేస్తూ, పైనెక్కడో మూడో చెక్‌పాయింట్ ఉందన్న ఒక్క నమ్మకంతో కొంతదూరం పోయారు. కాలు జారింది. చేతులు విడిపోయాయి. మళ్లీ కలుసుకోలేకపోయారు.

చాంగ్ పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు. పదిసార్లకి పైనే పడ్డానని తర్వాత రాశాడు. వేళ్లకి స్పర్శ పోయింది. ఒక వేలు నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంచాడు.

వేలు వెచ్చబడలేదు. నాలుకే చల్లగా తగిలింది.

మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు. అది 35 కన్నా దిగితే వైద్యులు దాన్ని హైపోథెర్మియా అంటారు. పొడిగాలి కన్నా నీళ్లు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. అందుకే తడిబట్ట ప్రమాదం, అందులోనూ గాలి వీస్తుంటే. పరిగెత్తుతున్నంతసేపూ కండరాలు వేడి పుట్టిస్తూనే ఉంటాయి. వేగం తగ్గిందా, పొయ్యి ఆరిపోయినట్టే. దూరాలు పరిగెత్తేవాళ్ల ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి వేడిని పట్టి ఉంచే పొరా పల్చనే. మొదట వణుకు. వణుకు శరీరం చేసే పోరాటం. తర్వాత చేతులు మాట వినవు, మాట ముద్దగా వస్తుంది, బుర్ర పనిచెయ్యదు. ఇంకా చల్లబడితే వణుకు ఆగిపోతుంది. చూసేవాళ్లకి కుదుటపడ్డట్టు కనిపిస్తుంది. అసలు భయపడాల్సింది అప్పుడే.

పుష్యమాసం పొద్దున్న గోదారి మీద మంచు పట్టినప్పుడు మఫ్లర్ కట్టుకునే మనకి ఈ చలి ఊహకందదు. కానీ మన మనిషి ఒకడికి ఆ చలి బాగా తెలుసు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంగం కుర్రాడు మల్లి మస్తాన్ బాబు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కేశాడు. ఏ రెండు శిఖరాలూ వారంలో ఒకే రోజున ఎక్కలేదు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో, సెర్రో ట్రెస్ క్రూసెస్ మీదికి ఒంటరిగా బయల్దేరాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, చుక్క వాన ఎరుగని అటకామా ఎడారి ప్రాంతంలో కుంభవృష్టి కురిసి ఊళ్లు మునిగిపోయాయి. కింద వరద, పైన మంచు తుపాను. మార్చి 24 తర్వాత ఆయన నుంచి కబురు లేదు. ఏప్రిల్ మొదటి వారంలో కొండమీద దేహం దొరికింది. అంతటి అనుభవం ఉన్న మనిషిని కూడా వాతావరణం ఒక్క పూటలో ఓడించింది. జింగ్‌తాయ్ కొండమీద ఉన్నవాళ్లలో చాలామందికి అలాంటి అనుభవం లేదు, ఒంటిమీద ఆయనకున్నలాంటి బట్టలూ లేవు.

చాంగ్ వెనక్కి దిగిపోదామనుకున్నాడు. రెండడుగులు వెయ్యకుండానే పడిపోయాడు. ఈసారి కాళ్లు లేవనన్నాయి. వెండిరంగు దుప్పటిని ఎలాగో ఒంటికి చుట్టుకున్నాడు. ఆ కొండమీద చాలామంది దుప్పట్లు అప్పటికే గాలికి చిరిగి పీలికలయ్యాయి. జీపీఎస్ పరికరం బయటికి తీసి, ఆపదలో నొక్కాల్సిన మీట నొక్కాడు.

తర్వాత ఏం జరిగిందో ఆయనకి తెలీదు.

అదే కొండ. ఇంకో వైపు. జు కెమింగ్ ఆ పొద్దున గొర్రెల్ని తోలుకుని వచ్చాడు. వయసు 49. పక్క ఊరివాడు. ఆ కొండల్లో తిరిగే కాపరులకి తలదాచుకోడానికి వాలులో తొలిచిన గుహ ఒకటుంది. వాన జోరందుకోగానే జు అందులో దూరాడు. కొండమీద వాతావరణం ఎప్పుడు ఎలా తిరగబడుతుందో కాపరికి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఆ గుహలో ఎప్పుడూ కొన్ని బట్టలు, తినడానికి ఏదో కాస్త, ఎండుకట్టెలు, బొంతలు ఉంచుతాడు. మూడో చెక్‌పాయింట్‌లో లేనివన్నీ అక్కడున్నాయి.

గుహ వాకిట్లోంచి బయటికి చూస్తే ఒక మనిషి కనిపించాడు. కదలడం లేదు. నించున్న చోటే నించుని వణుకుతున్నాడు.

జు వెళ్లి అతన్ని లోపలికి తీసుకొచ్చాడు. చేతులు, కాళ్లు రుద్దాడు. కట్టెలు పేర్చి మంట వేశాడు. తడిబట్టలు ఆరబెట్టాడు. అంతలో ఇంకో నలుగురు గుహలోకి వచ్చిపడ్డారు. పళ్లు పటపటలాడుతుంటే వాళ్లు చెప్పగలిగింది ఒక్కటే. పైన ఇంకా ఉన్నారు. లేవలేకపోతున్నారు.

బయట వడగళ్లు ఆగలేదు. గాలి ఆగలేదు. ఆ పరుగుతో జుకి ఏ సంబంధమూ లేదు. గుహలో మంట ఉంది, బొంత ఉంది, గొర్రెలు ఉన్నాయి.

బయటికి నడిచాడు.

వాలు మీద ఒకడు పడి ఉన్నాడు. చాంగ్ షియావ్‌తావ్. జు అతన్ని వీపున వేసుకున్నాడు. తడిసిన మనిషి బరువు, కిందికి జారిపోయే రాళ్లు, ఎదురుకొట్టే గాలి, వీటన్నిటినీ మోసుకుంటూ, ఎన్నో ఏళ్లుగా గొర్రెల వెంట తిరిగిన కాలిబాటని కళ్లతో కాక పాదాలతోనే వెతుక్కుంటూ, గుహ దాకా తెచ్చాడు. తడిబట్టలు విప్పాడు. బొంత చుట్టాడు. మంట దగ్గర పడుకోబెట్టాడు. మళ్లీ బయటికెళ్లాడు.

మొత్తం ఆరుగుర్ని కాపాడాడు. ముగ్గురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు.

ఈలోగా కింద ఫోన్లు మోగుతున్నాయి. పరిగెత్తేవాళ్ల వాట్సాప్ లాంటి గ్రూపులో సాయం కావాలంటూ కొండమీద నుంచి సందేశాలు పడుతున్నాయి. స్పృహలో ఉన్నవాళ్లు కొందరు బండరాళ్ల చాటున ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. కొందరు పోటీ మాట వదిలేసి వచ్చిన దారినే దిగడం మొదలుపెట్టారు. అలా ముందే వెనక్కి తిరిగినవాళ్లలో చాలామంది బతికారు. ఇది గట్టిగా చెప్పాల్సిన సంగతి. ఆ రోజు పతకం కన్నా గొప్ప పని, మధ్యలో మానెయ్యడం.

మధ్యాహ్నం రెండు గంటలకి పోటీ ఆపేశామని ప్రకటించారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

చాంగ్ కళ్లు తెరిచాడు. పైన గుహ కప్పు. పక్కన మంట. ఒంటి మీద బొంత. పడిపోయినప్పటి నుంచి రెండున్నర గంటలు గడిచాయి. చుట్టూ ఇంకా కొంతమంది రన్నర్లు, మంట చుట్టూ దగ్గరగా ముడుచుకుని. తనని ఇక్కడికి ఎవరు తెచ్చారో వాళ్లు చెబితే గానీ ఆయనకి తెలీలేదు. కాస్త ఓపిక వచ్చాక అందరూ కలిసి కొండ దిగారు. కింద అంబులెన్సులు, పోలీసులు, పరుగులు.

పైకి వెళ్లాల్సినవాళ్లు అప్పుడే బయల్దేరుతున్నారు.

రాత్రి పడింది. చలి ఇంకా దిగింది. వాన వల్ల నేల జారుతోంది, కొన్నిచోట్ల మట్టి కొట్టుకొచ్చింది. వెతికేవాళ్లు వందల్లోంచి వెయ్యి దాటారు. ఒంటి వేడిని పసిగట్టే కెమెరాలు కట్టిన డ్రోన్లు చీకట్లో కొండ మీద తిరిగాయి. మనిషి ఒంట్లో వేడి మిగిలి ఉంటేనే ఆ కెమెరాకి మనిషి కనిపిస్తాడు. తెల్లవారుజామున ఒక్కొక్కరే దొరుకుతున్నారు. కొందరు నడవగలిగే స్థితిలో. కొందరు స్ట్రెచర్ మీద. కొందరిని చూసిన వెంటనే మోసేవాళ్లు తొందర తగ్గించారు.

మే 23, పొద్దున్న తొమ్మిదిన్నర. ఆచూకీ తెలియని చివరి మనిషి దొరికాడు. ప్రాణం లేదు.

172 మందిలో 151 మంది క్షేమం. వాళ్లలో ఎనిమిది మందికి గాయాలు. 21 మంది లేరు. లియాంగ్ జింగ్ లేడు. చైనాలో ఆ ఆటకి ముఖం లాంటివాడు, చలికి ఆ వాలు మీదే పడిపోయాడు. హువాంగ్ గ్వాన్‌జున్ లేడు. మాట వచ్చినవాళ్ల కేకలే ఆ గాలిలో పక్కవాడికి వినపడలేదు. కేక వెయ్యలేని మనిషి చివరి గంట ఎలా గడిపాడో తల్చుకుంటే గుండె పట్టేస్తుంది.

వార్త పాకింది.  తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. జాకెట్ ఎందుకు తప్పనిసరి చెయ్యలేదు? అంత కష్టమైన ముక్కలో ఒక్క ఆశ్రయం ఎందుకు పెట్టలేదు? మీట నొక్కినవాళ్ల దగ్గరికి ఎంతసేపట్లో వెళ్లాలనుకున్నారు? జూన్ 2న చైనా క్రీడాశాఖ కొండదారి పరుగులు, అల్ట్రామారథాన్ల లాంటి ప్రమాదకరమైన పోటీలన్నిటినీ ఆపేసింది. జూన్ 11న దర్యాప్తు నివేదిక బయటికొచ్చింది. గాలి, వాన, ఒక్కసారిగా దిగిన చలి కారణమే, కానీ పోటీ నడిపినవాళ్లకి ఆ పని చేతకాకపోవడం కూడా కారణమేనని తేల్చింది. నిర్వాహక సంస్థకి చెందిన ఐదుగురు అరెస్టయ్యారు. 27 మంది అధికారుల మీద చర్యలు తీసుకున్నారు.

చాంగ్ తన అనుభవం సామాజిక మాధ్యమంలో రాశాడు. తనని మోసుకొచ్చిన కాపరికి దండం పెట్టాడు. అది చదివాకే దేశానికి జు కెమింగ్ ఎవరో తెలిసింది. విలేకరులు ఆ కొండకి వెళ్లారు. నువ్వు వీరుడివయ్యా అన్నారు. తను మామూలు మనిషినని, చేసింది చాలా మామూలు పనని అన్నాడు.

ఆరుగురి గురించి అడిగారు. ఆయన మాత్రం ఇంకో ఇద్దరి గురించి చెప్పాడు. పైన ఇద్దరు మగవాళ్లు పడి ఉన్నారట. వెళ్లి చూసేసరికే వాళ్లలో ప్రాణం లేదట. వాళ్లకి తనేమీ చెయ్యలేకపోయానని, అందుకు తనని క్షమించమని అడిగాడు.